గాలి లేని ఊళ్ళో బొమ్మల కొలువు

ఆ రోజుల్లో మా చిత్తూరులో ఇంజనీరింగు పూర్తి చేసి ఇంట్లో కూర్చున్న పిల్లలు వీధికి నలుగురైనా ఉండేవాళ్ళు. వాళ్ళలో మగపిల్లలకు క్రికెట్టు ఉండేది, ఆడపిల్లలకు పెళ్ళిచూపులు ఉండేవి. నాకు రెండూ లేకపోయాయి. (రెండోది లేకపోవడానికి నా నోరే కారణమని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.) బుర్రనిండా చదువు, చేతినిండా ఖాళీ ఒకేసారి దొరికిన మనిషి ఏమవుతుందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వుకన్నా ముందు నాకు జాలే కలుగుతుంది. ఏం చేయాలో తోచక నేను ఒక ఊరు కట్టాను. ఎక్కడో ఆకాశంలో ఒక ఎర్రటి గ్రహం, దాని మీద మొట్టమొదట దిగిన జనం గనులు తవ్వుకుంటూ బతకడానికి వేసుకున్న సరిహద్దు ఊరు. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కనున్న రేకుల గదిలో, ఒక పాత తలుపు చెక్క మీద, అరచేతిలో పట్టేంత ఇళ్ళతో, నెలల తరబడి కట్టాను. దానికి స్టేషన్ సెవెన్ అని పేరు పెట్టి, పాత క్యాలెండరు అట్ట మీద రాసి తగిలించాను.

మా నాయన బెల్లం మండీలో గుమాస్తా. లెక్క తేలకపోతే ముద్ద దిగని మనిషి. ఒకసారి పైకి వచ్చి, ఆ బోర్డును చాలాసేపు చూసి, "ఏడోదా? మిగతా ఆరూ యాడుండాయి పాపా?" అని అడిగినాడు. "అవి వేరే గ్రహాల మీద ఉండాయిలే నాయనా" అన్నాను. "ఓహో" అని తల ఊపి, చెప్పులు చేతబట్టుకుని మెల్లగా దిగి వెళ్ళాడు. ఇంజనీరింగు చదివించినందుకు ఆయన పడిన బాధ ఆ ఒక్క 'ఓహో'లోనే వినిపించింది.

ఊరికి కావలసిన సామానంతా ఇంట్లోదే. ఇళ్ళ కప్పులకు ఐస్‌క్రీమ్ డబ్బాలు బోర్లించాను. అవ్వ బి.పి. మాత్రలు మింగేశాక మిగిలిన అట్టలు కిటికీలయ్యాయి. రాయడం అయిపోయిన రీఫిళ్ళు గాలి గొట్టాలు, అగరొత్తుల డబ్బాలు గని పొగ గొట్టాలు, పిన్నీసులు యాంటెన్నాలు, ఖాళీ పౌడరు డబ్బా అంతరిక్ష నౌక. గిన్నెలు తోమే స్టీలు పీచును తడిపి తడిపి తుప్పు పట్టించి, ఊరి చివర పాత ఇనుము కుప్ప వేశాను. గ్రహం నేలకోసం పూతలపట్టు దగ్గర మా చేలోని ఎర్రమట్టి గోతంలో తెప్పించి, అమ్మ పిండి జల్లెడతో జల్లించాను. (ఆ జల్లెడ తర్వాత ఏమైందని అడగొద్దు.) ఊరి నడుమ స్తంభానికి ప్రమాదం వస్తే మోగే సైరను ఉండాలి కదా, దానికి అమ్మ కుక్కరు విజిలు తప్ప మరేదీ కుదరలేదు. గడ్డకట్టిన సరస్సుకు నాయన గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం. ఈ రెండూ పొద్దున పనికి కిందికి దిగేవి, పని కాగానే నేను మళ్ళీ పైకి పట్టుకెళ్ళేదాన్ని. ఆ రాకపోకలకు ఇంట్లో అందరూ అలవాటు పడిపోయారు.

శాస్త్రం దగ్గర మాత్రం నేను మహా కఠినురాలిని. గ్రహం మీద గాలి లేదు, పారే నీళ్ళు లేవు, గడ్డిపరక లేదు. ఇళ్ళ పక్కన గాలికి పేరుకున్నట్టు అందంగా దుమ్ము కుప్పలు పోశాను; గాలే లేనిచోట దుమ్ము ఎట్లా పేరుకుంటుందని ఒక రోజంతా దిగులుపడి, వాటిని చెంచాతో ఎత్తేశాను. ఇంత శ్రద్ధ నేను పరీక్షల్లో చూపించి ఉంటే నాయన మండీలో తలెత్తుకుని తిరిగి ఉండేవాడు.

ఇక అవ్వ సంగతి చెప్పాలి. అవ్వ అంటే నాయనకు తల్లి. తాత పోయినప్పటి నుంచి అవ్వను పేరంటాలకు పిలిచేవాళ్ళు లేరు. మా వీధిలో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, పిలవకూడదని ఎవరూ నోటితో అన్నదీ లేదు. గడప దగ్గర నిలబడి "మీ అమ్మ ఉండాదా?" అని అడిగి, అమ్మకు బొట్టు పెట్టి, అమ్మను పిలిచి పోయేవాళ్ళు. అవ్వ ఆ మాట వినబడనట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఉండేది. దసరా తొమ్మిది సాయంత్రాలు మాత్రం ఈ పద్ధతి మారేది. అప్పుడు మా ఇంట్లో బొమ్మల కొలువు. పసుపు కుంకుమలు, తాంబూలం ఇచ్చేది అమ్మే అయినా, కొలువు మెట్ల పక్కన పీట వేసుకుని కూర్చునేది అవ్వ. వచ్చిన ఆడవాళ్ళు గుగ్గిళ్ళ పొట్లం చేతబట్టుకుని "అవ్వా, ఈ బొమ్మ కథ చెప్పు" అని అడగాలి, అవ్వ చెప్పాలి. అంగడి సెట్టి మీద సెట్టెమ్మ ఎందుకు అలిగిందో, పాములవాడి బుట్టలో పాము ఎందుకు లేదో ఏటేటా చెప్పేది, ఏటేటా కథ కొంచెం మారేది. ఆ తొమ్మిది సాయంత్రాలు అవ్వను అడిగేవాళ్ళు ఉండేవాళ్ళు. మిగిలిన ఏడాదంతా ఆమె వాటికోసమే కాచుకుని ఉంటుందని మాకు అందరికీ తెలుసు.

ఆ ఏడు వానలు ఎక్కువ పడ్డాయి. దసరా దగ్గర పడ్డాక నాయన అటక మీది ట్రంకుపెట్టె దించితే, పెట్టెతోపాటు నీళ్ళూ దిగాయి. గోడ నెమ్ము అటక మీదికి ఎప్పుడు పాకిందో, పెట్టె అడుగు ఎప్పుడు తుప్పుపట్టి చిల్లులు పడిందో ఎవరూ చూడలేదు. మూత తీస్తే లోపల తడిసిన పాత పేపర్లు, రంగు రంగుల మట్టి. దశావతారాలన్నీ ఒకే ముద్ద అయిపోయాయి. సెట్టెమ్మ ముక్కుపుడక ఒక్కటి ఆ ముద్దలో మెరుస్తూ ఉంది. అన్నిటికీ అడుగున గుడ్డలో చుట్టిపెట్టిన ఎర్రచందనం రాజారాణి జంట మాత్రం చెక్కబొమ్మలు కాబట్టి నిలిచాయి. అవ్వ ఏడవలేదు. ఆ మట్టిని వేలితో ఒకసారి తాకి, చీర కొంగుకు వేలు తుడుచుకుని, "సరేలే, ఈ యేడు నుంచి కొలువు ఆపేద్దాం. ఎవురన్నా అడిగితే అవ్వకు ఒళ్ళు బాగలేదని సెప్పండి" అంది.

కొత్త బొమ్మలు కొందామని నాయన అన్నాడు. అంగట్లో కొన్న బొమ్మలకు నాకేం కథలు తెలుస్తాయిరా అని అవ్వ అంది. ఆ పూట అవ్వ సంగటి ముద్ద సగం వదిలేసి లేచిపోవడం చూశాక ఆలోచించకుండానే నోరు తెరిచాను. "అవ్వా, నా ఊరు ఉండాది కదా. దాన్ని మెట్ల మీద పెడదాం."

అందరూ నా వైపు తిరిగారు. నా ఊరిని అంతవరకూ ఎవరూ ఊరని అనలేదు. 'పాప సామాను' అనేవాళ్ళు. అవ్వ నా మొహంలోకి చూసి, "దేవుడుండాడా అందులో?" అని అడిగింది. "లేడు" అన్నాను. "పోనీలే, రాజారాణీ పైన ఉంటారు గదా, సూసుకుంటారు" అంది.

నేను నా షరతు చెప్పాను: ఎవరూ దాని మీద పసుపు కుంకుమ చల్లకూడదు. అవ్వ తన షరతు చెప్పింది, అది మా షరతులన్నిటికన్నా పాతది: కొలువులో ఒకసారి పెట్టినదాన్ని విజయదశమి దాకా కదపకూడదు. కొత్తగా చేర్చవచ్చు గాని ఉన్నది తీయకూడదు. నేను ఒప్పుకున్నాను. పాడ్యమి పొద్దున కలశం పెట్టి, పై మెట్టు మీద రాజారాణిని నిలిపి, కింది నాలుగు మెట్ల నిండా కొండ వాలు మీద ఊరు కట్టినట్టు, ఎర్రమట్టితో సహా స్టేషన్ సెవెన్ అంతా పరిచాను. అమ్మ హారతి ఇచ్చింది. చూడ్డానికి నిజంగానే గొప్పగా ఉంది, నా కళ్ళు చెమర్చాయి కూడా. హారతి కళ్ళకద్దుకున్నాక అమ్మ వంటింట్లోకి వెళ్ళి, అక్కడి నుంచి కేకేసింది. "ఏమ్మే, విజిలు యాడ పెట్టినావు?"

విజిలు స్తంభం మీద ఉంది. స్తంభం కొలువులో ఉంది. కొలువుకు హారతి అయిపోయింది. అమ్మ వచ్చి మెట్ల ముందు నిలబడి విజిలును చూసింది, అత్తను చూసింది, నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయను. ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నం గిన్నెలో వండి గంజి వార్చడమే. నాయన స్నానానికి పోతూ కిటికీ దగ్గర అద్దం తగిలించే మేకును తడిమి, ఖాళీ మేకు పట్టుకుని అట్లాగే కాసేపు నిలబడ్డాడు. బీరువా అద్దం ఉంది కదా అని అమ్మ అంటే, "ఆ అద్దంలో నా మొగం నాది మాదిరి లేదు" అన్నాడు. పంతం మనిషి. మంగలి అంగడికి పోవడం పెళ్ళిరోజు నుంచి మానేశానని ఇంకో మాట కూడా అన్నాడు. గడ్డం అట్లాగే వదిలేశాడు.

మొదటి సాయంత్రం ఘోరంగా జరిగింది. నేను మధ్యాహ్నమంతా అవ్వకు పాఠం చెప్పాను. ఇది ప్రాణవాయువు తయారు చేసే కేంద్రం, ఇది గని, ఇది అంతరిక్ష నౌక దిగే తావు. అవ్వ శ్రద్ధగా నేర్చుకుంది. ఆడవాళ్ళు వచ్చారు, కూర్చున్నారు, మెట్ల వైపు చూశారు. ఎవరికీ ఏం అడగాలో తోచలేదు. అవ్వే గొంతు సవరించుకుని, "ఇది... పానవాయువు..." అని మొదలుపెట్టి, తర్వాతి మాట మరిచిపోయి, నా వైపు చూసింది. నేను అందుకుని గ్రహం గురుత్వాకర్షణ దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పుకుపోయాను. ఒకామె ఆవులింత ఆపుకుంది. ఇంకొకామె మధ్యలో అమ్మ వైపు తిరిగి, "పాపకు సంబంధాలు చూస్తా ఉండారా?" అంది. గుగ్గిళ్ళు పుచ్చుకుని, తాంబూలం కొంగున కట్టుకుని, అందరూ పక్క సందులో టీచరమ్మ ఇంటికి పోయారు. అక్కడ రంగు లైట్ల కొలువు. మా ఇంటి ముందు నుంచే వాళ్ళ నవ్వులు వినిపించాయి.

అవ్వ పీట మీద నుంచి లేవలేదు. "బాగనే సెప్పినావులే" అంది నాతో. అంత నిదానంగా అన్న మాట నన్ను అంతగా పొడవడం అదే మొదలు. రెండో సాయంత్రం వచ్చినవాళ్ళు ఇంకా తగ్గారు. అవ్వను ఏమీ అడగలేదు. అవ్వ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా అడుగుతారేమోనని ఒక్కొక్కరి మొహమూ చూస్తూ కూర్చుంది. అది చూడలేక నేను వంటింట్లోకి పోయి గంజి వార్చాను.

మూడో సాయంత్రం గూడూరత్త వచ్చింది. ఆమె పుట్టిల్లు గూడూరు, మొగుడు నిమ్మకాయల వ్యాపారి. అందుకని వీధి మొత్తానికి ఆమె గూడూరత్త. పెద్ద గొంతు, మనసులో మాట దాచడం చేతగాదు. మెట్ల ముందు గొంతుకూర్చుని, ఒక్కో ఇల్లూ వంగి వంగి చూసి, "ఏందవ్వా, ఇండ్లు ఉండాయి, గొట్టాలు ఉండాయి, మనుషులేరీ?" అంది.

నిజమే. అన్ని నెలలు కట్టాను, పొగ గొట్టాల మసి కూడా లెక్క ప్రకారం పూశాను, ఒక్క మనిషిని చేయలేదు. చేయాలని తట్టనే లేదు. నోరు వెళ్ళబెట్టుకుని నిలబడ్డాను. అవ్వ నా మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనిపించిందో ఏమో, గూడూరత్త వైపు తిరిగి, చాలా మామూలుగా అంది. "ఎందుకు లేరు? లోపలుండారు. ఈ ఎండకు ఎవురు బయటికొస్తారమ్మా?"

"అట్లనా! ఎవురెవురుండారు?"

అవ్వ ఇళ్ళ వైపు ఒకసారి చూసి, వేలు చాపి, ఆకుపచ్చ ఐస్‌క్రీమ్ డబ్బా చూపించింది. "ఆ ఇంట్లో కొత్త కోడలుండాది. వచ్చి నెల గూడా కాలేదు. పుట్టింటికి జాబు రాద్దామంటే తపాలా లేదు. అత్తేమో నోరు మంచిది గాదు..."

"అత్త ఏం చేస్తాదవ్వా?" గూడూరత్త చతికిలబడి కూర్చుంది. కూర్చున్న మనిషి దీపం పెట్టే వేళ దాటినా లేవలేదు. టీచరమ్మ ఇంటికి పోవలసినవాళ్ళు కూడా గడప దగ్గర ఆగి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చారు.

ఆ తర్వాత సంగతి నా చేతిలో లేదు. సాయంత్రానికి సాయంత్రం జనం పెరిగారు. నా ప్రాణవాయు కేంద్రం ఒక సుబ్బమ్మ ఇల్లయింది, ఆ సుబ్బమ్మకు మోకాళ్ళ నొప్పులు. గని మేస్త్రీ రెండో పెళ్ళికి సిద్ధపడుతున్నట్టు పుకారు పుట్టింది. అంతరిక్ష నౌకలో వచ్చిన చుట్టాలు నెలలు గడిచినా వెళ్ళే మాట ఎత్తడం లేదు. నేను తలుపు చాటున నిలబడి పళ్ళు నూరుకునేదాన్ని. ఎన్ని నెలల శాస్త్రం! గ్రహానికి గ్రహమే మా వీధి అయిపోయింది. అవ్వకు మాత్రం గొంతు విచ్చుకుంది. పొద్దున్నే లేచి, స్నానం చేసి, సాయంత్రం చెప్పవలసిన కథ కోసం మెట్ల ముందు కూర్చుని ఆ ఇళ్ళ వైపు చూస్తూ ఆలోచించేది. సంగటి మొత్తం తినేది.

అదే వారంలో నాయన గడ్డం కూడా పెరుగుతూ వచ్చింది. మండీలో ఎవరో "ఏమప్పా, కొండకు మొక్కా?" అని అడిగినారట. సరస్సు అద్దం సంగతి విప్పి చెప్పలేక, "ఊఁ" అన్నాడట. అంతే. మండీ మొత్తం దండం పెట్టింది. సావుకారి అడగకుండానే సెలవిచ్చాడు. మా పేరు చెప్పి స్వామికి దండం పెట్టమని ఒకరు, నాకూ ఒక లడ్డు తెమ్మని పది మంది. సాయంత్రం ఇంటికి వచ్చి, గడ్డం గోక్కుంటూ మెట్ల మీది తన అద్దాన్ని చాలా గంభీరంగా చూశాడు. "స్వామి పేరు సెప్పి అబద్ధమాడగూడదు" అన్నాడు. (దశమి దాటిన మర్నాడే పొద్దున బస్సుకు కొండకు పోయి గుండు కొట్టించుకున్నాడు. అద్దం దొరికేసరికి ఆయనకు దానితో పని లేకపోయింది.)

నేను మాత్రం ఒకరోజు పొద్దున తట్టుకోలేకపోయాను. మెట్ల ముందు కూర్చుని చూస్తే రెండిళ్ళ కప్పులు పక్కకు ఒరిగి ఉన్నాయి. వంగి చూశాను. ఐస్‌క్రీమ్ డబ్బాల అంచుల కింద నుంచి తెల్లటి మెడలు వంచుకుని మొలకలు తోసుకుని వస్తున్నాయి. గని చుట్టూ, సరస్సు గట్టున, నౌక కాళ్ళ దగ్గర, ఎక్కడ చూస్తే అక్కడ పచ్చగా.

"అవ్వా! ఏంది ఇది?"

"పెసలు" అంది అవ్వ, ఏమీ జరగనట్టు. "గుగ్గిళ్ళకు నానబెట్టినవి కొన్ని మిగిలినాయి. అంత మంచి మన్ను, ఉత్తిగా పడుండాది. కోడలికి గూడా పొద్దుపోవల్ల గదా."

"అక్కడ మొలవదవ్వా! నీళ్ళే లేవు. అసలు గాలే లేదు ఆ ఊర్లో!"

అవ్వ మొహం నిజంగా మారింది. "గాలి లేదా?" అంది. "గాలి లేని తావుకు మనుషుల్ని ఎందుకు తీసకపోయినావే? ఏం పాపం సేసినారు వాళ్ళు?"

"ఎవరూ లేరవ్వా అక్కడ! మనుషులూ లేరు, కోడలూ లేదు. అది ఉత్త ఐస్‌క్రీమ్ డబ్బా!" అని అరిచాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

అవ్వ ఒరిగిన కప్పును సరిచేయడానికి చెయ్యి చాపి, కదపకూడదని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకు తెలీదా అమ్మణ్ణీ" అంది మెల్లగా. "మనుషులు లేరని తెలిసే సెప్తా ఉండా. అడిగేవాళ్ళు వస్తా ఉండారు గదా."

నా కోపం ఎక్కడిదక్కడే చల్లారిపోయింది. మేడ మీదికి పోయి రేకుల గదిలో కూర్చున్నాను. ఊరు లేని ఆ తలుపు చెక్క ఎంత బోసిగా ఉందో అప్పుడు చూశాను. మధ్యాహ్నం దాకా ఆ గదిలోనే ఉండి, ఒక అగ్గిపుల్లకు అమ్మ జాకెట్టు ముక్క చీరగా చుట్టి, మిరియపు గింజను తలగా అతికించి, కొప్పు పెట్టాను. పొడుగు వేలెడు లేదు. అది నేను చేసిన మొట్టమొదటి మనిషి. చెప్పుకోడానికి సిగ్గు గాని, దాని చీరకు కుచ్చెళ్ళు పెట్టడానికి నాకు అంతరిక్ష నౌక కన్నా ఎక్కువసేపు పట్టింది. కిందికి తెచ్చి, ఎవరూ చూడకుండా ఆకుపచ్చ ఇంటి ముందు, మొలకల మధ్య నిలబెట్టాను. చేర్చడానికి షరతు అడ్డం కాదు కదా.

ఆ సాయంత్రం ఆడవాళ్ళు కూర్చున్నాక అవ్వ అలవాటుగా వేలు చాపింది, చాపిన వేలు గాల్లోనే ఆగింది. నా కోసం వెతకలేదు, నా వైపు చూడనూ లేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఈ పొద్దు ఎండ తగ్గినాదమ్మా" అంది. "సూడండి, కోడలు బయటికొచ్చినాది." గూడూరత్త "అబ్బ, ఎంత బాగుండాది!" అని అరిచి మెట్ల మీదికి వంగింది. తలుపు చాటున ఉన్న నేను ముందుకొచ్చి, జనంలో ఒక మూల కూర్చున్నాను. కథలో తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు కదా, వినాలనిపించింది.

మిగిలిన రోజుల్లో ఊరికి మనుషులు వచ్చారు. నేను సుబ్బమ్మను చేశాను. గూడూరత్త నిమ్మ తొడిమెలతో కోళ్ళు చేసి తెచ్చింది. నిమ్మ తొడిమెలు కోళ్ళలా ఎట్లా ఉంటాయని మీరు అడిగితే, అవ్వ వాటిని కోళ్ళని చెప్పింది, అంతే. దశమి నాడు హారతి ఇచ్చి, ఆనవాయితీ ప్రకారం ఒక బొమ్మను పడుకోబెట్టి, కొలువు ఎత్తేశాం. అమ్మ అందరికన్నా ముందు విజిలు తీసుకుంది. ఆ పూట కుక్కరు కూత వేసినప్పుడు అవ్వ ఉలిక్కిపడి, "ఊర్లో ఏమన్నా ప్రమాదమా?" అంది. అందరం నవ్వాం. నవ్వాక ఇల్లు బోసిపోయింది.

ఇంక ఏడాది దాకా కొలువు లేదు. మర్నాడు నాయన కొండకు పోయాడు. సాయంత్రం గుగ్గిళ్ళ వేళకు అవ్వ స్నానం చేసి, అలవాటు కొద్దీ పీట తెచ్చుకుని, ఖాళీ గోడ పక్కన వేసుకుని, వేసుకున్నాక గుర్తొచ్చి దాన్ని తీసి గోడకు ఆనించింది. పంచలోకి వచ్చి అరుగు మీద ఒక్కతే కూర్చుంది. బియ్యం చాట ఒళ్ళో ఉంది. నేను ఊరి చివరి ముక్కలు రెండు చేతులా ఎత్తుకుని మేడ మెట్లు ఎక్కుతున్నాను.

అప్పుడు వీధిలో గూడూరత్త గొంతు వినిపించింది. ఆమె వెనకాల ఇంకా నలుగురైదుగురు. చేతుల్లో పళ్ళేలు లేవు, ఎవరి ఇంట్లోనూ పేరంటం లేదు.

అవ్వ గాభరాగా లేవబోయింది. "లోపలుండాదమ్మా మా కోడలు, పిలుస్తా ఉండండి. కొలువు నిన్ననే ఎత్తేసినాము గదా. ఊరు పైకి పోయింది."

"పోతే పోయిందిలే అవ్వా ఆ ఊరు, నువ్వుండావు గదా" అంది గూడూరత్త. "మేము నీ కోసరం వచ్చినాం. జరుగు." అని అవ్వ పక్కనే అరుగు మీద కూర్చుంది. తక్కినవాళ్ళు వాకిలి మెట్ల మీద కూర్చున్నారు.

అవ్వ జరిగింది. చాట పక్కన పెట్టింది.

నేను మేడ మెట్ల మధ్యలో నిలబడిపోయాను. చేతుల్లో సగం గ్రహం. పైకి పోవాలా, కిందికి దిగాలా తేలలేదు. ఇప్పుడు తిరుపతిలో ఒక ఆఫీసులో రోజంతా తెర ముందు కూర్చుని లేచేటప్పుడు ఒక్కోసారి ఆ పిల్ల గుర్తొస్తుంది. జుట్టు నిండా ఎర్రమట్టి, మొహం నిండా గాంభీర్యం, తాను కట్టిన ఊరి కోసమే జనం వస్తున్నారని అప్పటిదాకా గట్టిగా నమ్మిన ఇంజనీరు. పాపం, అనుకుని నవ్వుకుంటాను. ఆ రోజు చివరికి ఆ ముక్కల్ని మెట్టు మీదే దించి, కిందికి పోయి, వాళ్ళ మధ్య కూర్చున్నాను. నాకు చోటివ్వడానికి అందరూ కొంచెం కొంచెం జరిగారు.